స్టీరింగ్

కాలేజీ రోజుల మీద విద్యార్థులు తీస్తున్న డాక్యుమెంటరీలో ఆమెకో పనుంది. ఎదురొచ్చేవాళ్లను తీస్తూ వెనక్కి నడిచే కెమెరా కుర్రాడి చొక్కాను వెనకనుంచి పట్టుకుని దారి చూపాలి. మెట్లొస్తే కిందికి లాగుతుంది, మలుపొస్తే పక్కకి. అందుకే అందరికీ ఆమె స్టీరింగ్. క్యాంటీన్ దగ్గర అతని బూటు ఆమె బొటనవేలిని పచ్చడి చేసింది. కళ్లలో నీళ్లు తిరిగినా కిక్కురుమనలేదు, పట్టు సడలనివ్వలేదు. మైకు ఆన్‌లో ఉంది మరి.

సినిమా వేసిన రోజు కుంటుకుంటూనే వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. అయిపోగానే అమ్మ మొహం చిన్నబోయింది.

"ఏంటే, నువ్వెక్కడా కనపడలేదు?"

"క్యాంటీన్ సీన్‌లో బొమ్మ ఊగిందా అమ్మా?"

"లేదే."

"అదే నేను!"

అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, పక్క సీటావిడ వైపు తిరిగింది.

"చూశారా, మా అమ్మాయి! ఒక్కచోటైనా ఊగిందా?"