పొయ్యి ఊళ్ళో వదిలి

అహోబిలం మొదటిసారి పోయినప్పుడు నేను కళ్ళారా చూసింది సత్రం వెనక మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద సంగటి కుండ. ఈ మాట ఇప్పటికీ కాస్త కోపంగానే చెబుతాను. నవ నారసింహులు కొలువైన కొండల దాకా పోయి, ఎగువ అహోబిలంలో ఒక్క గుడి చూసి, మిగతా పొద్దంతా కట్టెలు ఊదుతూ కూర్చున్నాం నేనూ మా అత్తా.

మా తాలూకా బళ్ళారి జిల్లా నుంచి విడిపోయి కర్నూలు జిల్లాలో కలిసిన మరుసటి ఏడు అది. "ఇంగ అహోబిలం మన జిల్లాలోదే, పోకుంటే ఎట్ల?" అని మా మామ ఊరంతా చెప్పుకుని బయలుదేరాడు. తోడుగా ఆయన చిన్ననాటి స్నేహితుడు వచ్చాడు. ఎద్దులనూ చేనునూ చూసుకోవడానికి మా ఆయన ఇంట్లో ఉండిపోయాడు. అత్తనూ నన్నూ తీసుకుపోయింది మాత్రం, నిజం చెప్పాలంటే, వంటకే. మామకు మధ్యాహ్నం వేడి సంగటి ముద్ద పడకపోతే కాళ్ళు ఆడవు. ఆయన స్నేహితుడికీ అంతే. కాబట్టి వాళ్ళు కొండలెక్కడం, మేము వండిపెట్టడం అని ఎవరూ నోరు తెరిచి చెప్పకుండానే తేలిపోయింది.

మాది ఆలూరు దగ్గర నల్లరేగడి ఊరు. ఎటు చూసినా బల్లపరుపు. ఊళ్ళో అన్నిటికన్నా ఎత్తైనది గడ్డివామి. అలాంటి చోటు నుంచి వచ్చినవాళ్ళకు నల్లమల కొండలు చూస్తే మెడ నొప్పి పుడుతుంది. సత్రం వెనక నుంచి చూస్తే, అన్ని కొండల మీదా ఒక పెద్ద బండ నిట్టనిలువునా చీలినట్టు నిలబడి కనిపించేది. స్వామి చీల్చుకుని వచ్చిన స్తంభం అదేనని, ఉగ్రస్తంభం అంటారని యాత్రికులు చెప్పారు. అత్త పొయ్యిలో కట్టె ఎగదోసినప్పుడల్లా తలెత్తి దాన్నే చూసేది.

మధ్యాహ్నం దాటాక మగవాళ్ళిద్దరూ దిగి వచ్చి చేసిన వర్ణన ఇంతా అంతా కాదు. ఆ బండ కొసదాకా ఎక్కారట. పైన నాలుగు కాళ్ళ రాతి మంటపం ఉందట. అందులో వేలాడే కంచు గంట కొడితే కొండలన్నీ మారుమోగాయట. అత్త సంగటి ముద్ద చేతిలో అలాగే పట్టుకుని విన్నది. చివరికి, "నేను ఎక్కలేనా?" అని అడిగింది.

"నీ మోకాళ్ళకు అది అయ్యే పనేనా? ఏముంటాది ఆడ, వట్టి రాయి," అన్నాడు మామ. అంతసేపు మంటపాలు కట్టి గంటలు కొట్టిన మనిషికి ఆమె అడిగేసరికి అది వట్టి రాయి అయిపోయింది. నాకు ఒళ్ళు మండింది. కొత్త కోడలిని కాబట్టి నోరు మూసుకుని అంట్లు తోమాను.

మళ్ళీ అహోబిలం మాట మూడేళ్ళకు వచ్చింది. ఈ మూడేళ్ళలో గంట కథ మా అరుగు మీద ఎన్నిసార్లు మోగిందో లెక్క లేదు. మామ మొదలుపెడితే స్నేహితుడు అందుకునేవాడు. ఈలోగా అత్తకు మోకాళ్ళు ఇంకా పట్టేశాయి. పొద్దున లేచి నిలబడాలంటే గోడ పట్టుకోవలసి వచ్చేది. ఒకనాడు బావి దగ్గర కడవ నెత్తికెత్తుకుంటూ, "ఇంగ ఒక ఏడాదో రెండేండ్లో నడుస్తాయి మే ఈ కాళ్ళు. ఆ రాయి మీద ఒక్కసారి నిలబడల్లని ఉండాది," అంది. మా అత్త నన్ను ఏదైనా కావాలని అడగడం అదే మొదలు. ఎలాగైనా ఎక్కించి తీరాలని ఆ కడవల మధ్యే అనుకున్నాను.

ఆ ఏడు బుడ్డలు బాగా పండాయి. వేరుశనగను మేము బుడ్డలంటాం. అవి పీకడం అయ్యాక కార్తీకంలో పోదామని మామ అన్నాడు. స్నేహితుడు నడుం పట్టిందని రానన్నాడు. ఎద్దులను చిన్న మరిదికి అప్పజెప్పి ఈసారి మా ఆయన వస్తానన్నాడు. ఇక ఏ రోజు ఏ కొండ అన్న చర్చ వచ్చింది. మామ పద్ధతి సులభం. తొమ్మిదీ చూడాలి, ఎదురైనది ఎదురైనట్టు ఎక్కాలి, మధ్యాహ్నానికి దిగి వచ్చి సంగటి తినాలి.

"అట్ల కాదు మామా," అన్నాను. ఆయన ముందు నేను అలా ఎదురు చెప్పడం అంతకు ముందు లేదు. మా ఆయన ఉన్నట్టుండి పలుపుతాడు పేనడంలో మునిగిపోయాడు.

మొదటిసారి పొయ్యి దగ్గర కూర్చున్నానే గానీ, నోరు ఊరికే కూర్చోలేదు. నిప్పు కోసమనీ నీళ్ళ కోసమనీ సత్రం వెనక్కి వచ్చిన ప్రతి యాత్రికురాలినీ అడిగాను. ఎటు పోయి వస్తున్నారు, మెట్లా రాళ్ళా, మధ్యలో నీళ్ళున్నాయా, ఎక్కడ కూర్చోవచ్చు, దిగేటప్పుడు ఎలా ఉంది అని. ఎక్కి వచ్చిన మగవాళ్ళకు గంట గుర్తుంది. నాకు దారులు గుర్తున్నాయి.

అవన్నీ వరసగా చెప్పాను. రైలులో బిగుసుకుపోయిన కాళ్ళతో మొదటిరోజే కొండ ఎక్కకూడదు. ఆ రోజు దిగువ అహోబిలంలో ఉండి ఛత్రవటం, యోగానంద గుళ్ళు చూద్దాం, నేల చదునుగా ఉంటుంది. మరునాడు దారిలోని గుడి చూసుకుంటూ ఎగువకు పోయి, అక్కడి పెద్ద గుడి, వరాహం, మాలోలం. అక్కడ మెట్లున్నాయి, అత్త మోకాళ్ళు ఏమంటాయో తెలుస్తుంది. మూడోనాడు చీకటితో లేచి జ్వాల, దాని మీద స్తంభం. పావనం అడవిలో చాలా దూరం, అది వద్దు. భార్గవమూ వద్దు.

"తొమ్మిదిట్లో రెండు ఇడ్సిపెడితే స్వామికి కోపం రాదా?" అన్నాడు మామ.

"వస్తే నా మీద రానీ మామా. పోయినసారి మేము ఎనిమిది ఇడ్సిపెట్టినాం. ఏమీ అనలేదు."

మామ కాసేపు మీసం సవరించుకుని, "మరి సంగటి ఎవరు వండుతారు?" అన్నాడు. అసలు సంగతి అక్కడుంది. అత్త అప్పటిదాకా చేటలో బుడ్డలు ఏరుకుంటూ ఉంది. తల ఎత్తకుండానే, "ఈసారి పొయ్యి ఊర్లోనే పెట్టి పోతాండాం," అంది. మామ ఆమె వైపు, నా వైపు, చివరికి కొడుకు వైపు చూశాడు. కొడుకు పలుపు ఇంకా పేనుతూనే ఉన్నాడు.

బయలుదేరే ముందు అత్తా నేనూ జొన్నరొట్టెల మీద కూర్చున్నాం. పల్చగా తట్టి, పెనం మీద కాల్చి, పొయ్యి గడ్డకు ఆనించి నిలబెడితే అప్పడంలా ఎండుతాయి. గుడ్డలో కట్టుకుంటే చాలా రోజులు పాడవవు. తినేటప్పుడు నీళ్ళు చిలకరిస్తే చాలు, మెత్తబడతాయి. తోడుగా బుడ్డల పొడి, ఎర్రగడ్డలు, అంటే ఉల్లిపాయలు. మేము తట్టిన రొట్టెల దొంతరలు చూసి మామ, "పెండ్లి విడిదికి పోతాండామా, అహోబిలానికా?" అన్నాడు. వెక్కిరించాడు గానీ మూట తనే ఎత్తుకున్నాడు.

గుంతకల్లులో రైలు మారి నంద్యాలలో దిగి, బస్సులో ఆళ్ళగడ్డ, అక్కడి నుంచి ఎద్దులబండి. మొదటి రెండు రోజులూ నేను చెప్పినట్టే నడిచాయి. వానలు అప్పుడే వెనక్కి పోయాయి కాబట్టి ప్రతి వాగులోనూ నీళ్ళు. కడవ నీళ్ళ కోసం ఊరి బయటి దాకా నడిచే మాకు, ఎవరూ తోడకుండా రాళ్ళ మీద ఊరికే పారిపోతున్న ఆ నీళ్ళు చూస్తే మొదట కడుపు మండింది, తర్వాత నవ్వొచ్చింది. మాలోలం మెట్లు దిగాక అత్తను మోకాళ్ళ సంగతి అడిగాను. "అరుస్తాండాయి గానీ నడుస్తాండాయి," అంది.

మూడోనాడు పాతచీర చింపి ఆమె మోకాళ్ళకు బిగించి కట్టాను. కలుపు తీసేటప్పుడు కట్టినట్టు చీర గోచి పోసి కట్టుకుంది. దారి చూపడానికి ఒక చెంచు ఆయన్ను కుదుర్చుకున్నాం. వాగు వెంబడి రాళ్ళ మీద నడిచి జ్వాల గుడికి చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. కొండ అంచు నుంచి నీళ్ళు ధారగా రాలుతున్నాయి. అక్కడ మామ మూట దించి దాని పక్కనే కూర్చున్నాడు.

"చెప్పు కొరికింది నాకు. మీరు పోయి రాండి. నేను చూసిందే గదా," అన్నాడు. కాలు చూపించమంటే చూపించలేదు.

జ్వాల దాటాక మెట్లూ లేవు, దారీ లేదు. చెట్ల వేళ్ళు పట్టుకుని, బండల మీద మోకాళ్ళూని ఎక్కడమే. అత్త నడక చూసి నేను నా ఆయాసం మరిచిపోయాను. కడవతో బావి నుంచి వచ్చేటప్పుడు ఎలా నడుస్తుందో అలాగే. చిన్న చిన్న అడుగులు, మాట లేదు, పైకి చూడటం లేదు. ఒకచోట బండ మరీ నిలువుగా ఉందని మా ఆయన వంగి చెయ్యి పట్టుకోబోయాడు.

"ఇడువురా చెయ్యి. నెత్తిన కడవ కూడా ల్యాదు గదా," అంది.

మా ఆయన చెయ్యి వదిలి నా వైపు చూశాడు. ఆ క్షణంలో అతని మొహంలో ఉన్న గర్వమే నా మొహంలోనూ ఉండి ఉంటుంది.

పైకి చేరాం. గాలి నిలబడనివ్వడం లేదు. కింద ఒక కొండ వెనక ఇంకో కొండ, అన్నీ పచ్చగా, ఎంత దూరం చూసినా అంతే. కొసన పసుపూ కుంకుమా పూసిన రాయి, ఎవరో కట్టిన గుడ్డపేలికలు. అంతకు మించి ఏమీ లేదు. నేను ఒక చుట్టు తిరిగి చూసి, చెంచు ఆయన్ను మంటపం ఎక్కడని అడిగాను.

"ఈడ మంటపం ఎప్పుడూ ల్యాదమ్మా," అన్నాడాయన.

"గంట?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. మూడేళ్ళుగా మా అరుగు మీద మోగిన గంట అది. నాకు తల దిమ్మెక్కింది. పొయ్యి దగ్గర మమ్మల్ని కూర్చోబెట్టి, ఈమె మోకాళ్ళను ఎత్తిపొడిచి, మామ మాత్రం జ్వాల దగ్గరే కూర్చుని వచ్చాడన్నమాట. ఊరికి పోయాక ఇంటింటికీ చెబుతానన్నాను. అత్త మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"ఆయప్పకు ఎత్తులంటే కండ్లు తిరుగుతాయి మే. మిద్దె మీద గూడా అంచుకు పోడు. పెండ్లయినప్పటి నుంచి చూస్తాండా," అంది.

"తెలిసి తెలిసి మూడేండ్లు ఆ గంట కథ ఇంటివా?"

"శానా బాగ చెప్తాండె గదా," అంది. తర్వాత ఆ రాయికి చేయి ఆనించి చాలాసేపు నిలబడింది. కళ్ళలో నీళ్ళు గాలికి వచ్చాయో ఎందుకొచ్చాయో నేను అడగలేదు.

దిగడం ఎక్కడం కంటే కష్టమైంది. కొన్నిచోట్ల ఆమె కూర్చుని జారుతూ దిగింది. జ్వాల చేరేసరికి మోకాళ్ళు రెండూ వణుకుతున్నాయి. అక్కడ మామ రొట్టెల మూట విప్పి, రాలే ధార కింద ఒక్కో రొట్టె తడిపి, ఆకుల మీద పరిచి ఉంచాడు. ఎర్రగడ్డలు పిడికిలితో పగలగొట్టి, బుడ్డల పొడి పక్కన పోశాడు. ఇంట్లో చెంబెడు నీళ్ళు కూడా తానై ముంచుకోని మనిషి. నా కోపం ఎక్కడ నిలబడాలో తెలియక తికమకపడింది.

మామ అత్త మొహంలోకి చూడకుండా, "ఏముండాది పైన?" అని అడిగాడు.

నేను నోరు తెరిచాను. అత్త నా మోచేయి గట్టిగా పట్టుకుంది. "నువ్వు చెప్పినట్లే ఉండాది," అంది.

మామ అప్పుడు ఆమె వైపు చూశాడు. బాగా మెత్తబడిన రొట్టె ఒకటి ఏరి ఆమె చేతిలో పెట్టాడు.

ఊరు చేరిన సాయంత్రం అరుగు నిండింది. అత్త ఆ కొస ఎక్కిందన్న మాట మా కంటే ముందే ఊళ్ళోకి వచ్చినట్టుంది. కాళ్ళు చాపుకుని కూర్చున్న ఆమె చుట్టూ ఆడవాళ్ళు చేరారు. మామ స్నేహితుడు కూడా నడుం పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. పక్కింటి అవ్వ అడగనే అడిగింది. "గంట కొట్టినావా మే? శానా పెద్దదంట గదా?"

అత్త జవాబు వెతుక్కుంటోంది. ఆమెకు అబద్ధం ఒకసారి చెప్పడమే గొప్ప, రెండోసారి చేతకాదు. అప్పుడు మామ గొంతు సవరించుకున్నాడు.

"ఆడ గంట ల్యాదు, మంటపమూ ల్యాదు. మేమిద్దరం జ్వాల కాడనే కూచోని వస్తిమి. నాకు ఎత్తులంటే భయం," అన్నాడు. స్నేహితుడు ఎద్దుల కొట్టం వైపు తిరిగి ఏదో శ్రద్ధగా చూడసాగాడు. అరుగు మీద ఎవరూ నవ్వలేదు. మామ అత్త వైపు చెయ్యి చూపి, "ఆ రాయి ఎక్కొచ్చింది ఈమె. పైన ఏముండాదో ఇంగ ఈమెను అడగండి. నేనూ ఇంటా," అని, జరిగి ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

నా అత్తను చూసి ఆ కొండ మీదే గర్వపడ్డాను. మామను చూసి గర్వపడింది మాత్రం ఆ అరుగు మీద, ఆ పూటే. అత్త కాళ్ళు సవరించుకుని, "మొదాలు గాలి ఉంటాది," అని చెప్పడం మొదలుపెట్టింది.