పెదాలు కనిపించే మాస్కు

బి.ఎడ్.లో మనోవిజ్ఞానం పేపరులో నాకు మంచి మార్కులొచ్చాయి. గొప్ప కోసం చెప్పడం లేదు, నా తప్పు అక్కడే మొదలైంది కాబట్టి చెబుతున్నాను. మా ఆయనకు హజీరాలో ఉద్యోగం రావడంతో కోస్తా నుంచి సూరత్ వచ్చాం. వడోద్ దగ్గర ఒక తెలుగు మీడియం బడిలో ఎనిమిదో తరగతికి క్లాస్ టీచరుగా చేరాను. పిల్లలంతా మరమగ్గాల మీద పనిచేసే తెలంగాణ కుటుంబాల వాళ్లు. వాళ్ల దగ్గర నేను నేర్చుకోవలసింది కూడా ఏదైనా ఉంటుందని అప్పట్లో నా బుర్రకు తట్టలేదు.

కరోనా సెలవుల తర్వాత బడి తెరిచాం. అందరికీ మాస్కులు, బెంచీకి ఒక్కరు. వెనక వరసలో ఒక అమ్మాయి, నేను నోరు తెరిస్తే చాలు, “ఏంది మేడం?” అని అరిచేది. మళ్లీ చెబితే మళ్లీ అరిచేది. క్లాసంతా నవ్వేది. దృష్టిలో పడటానికి చేసే అల్లరిని పట్టించుకోకపోతే అది దానంతట అదే తగ్గుతుందని చదువుకున్నాను కదా, అదే అమలుచేశాను. రెండు వారాలు ఆ పిల్ల వైపు చూడలేదు, జవాబివ్వలేదు. అల్లరి తగ్గకపోగా పెరిగింది. పక్క బెంచీ పిల్ల నోటుబుక్కు లాక్కోవడం, బెంచీ మీద గుద్దడం కూడా మొదలయ్యాయి.

హెడ్మాస్టరు గారు కాగితం తయారుచేయించారు. పిల్లకు క్రమశిక్షణ లేదు, చదువు ఎక్కడం లేదు, ఇంటి దగ్గరే ఉంచుకోవడం మంచిది అని. కింద క్లాస్ టీచరు సంతకానికి ఖాళీ. ఆ ఖాళీ చూసేసరికి నాకు చిర్రెత్తుకొచ్చింది. పదమూడేళ్ల పిల్ల బతుకు తేల్చడానికి మూడు లైన్లు చాలా? వారం గడువడిగాను.

ఆ వారం ఒక పుస్తకం పెట్టుకుని రాశాను. పిల్ల అరిచే ముందు నేనేం చేస్తున్నాను, అరిచాక ఏం జరిగింది, అంతే. అదీ చదువుకున్న పద్ధతే, కాకపోతే మొదటే చేయవలసింది. నాలుగో రోజు కూర్చుని చదివితే ఒక సంగతి బయటపడింది. బోర్డు మీద రాసినప్పుడు ఆ పిల్ల ఒక్కసారి కూడా అరవలేదు.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఒకటే గది, గోడకు అవతల మరమగ్గాల కార్ఖానా, వాళ్ల మాటల్లో సాంచెలు. గదిలో గిన్నెలు కూడా అదురుతున్నాయి. వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి, లోపలున్న కూతురి వైపు తిరిగి, గొంతు లేకుండా పెదాలు మాత్రం కదిలించింది. పిల్ల వెంటనే నీళ్లు తెచ్చి నా చేతిలో పెట్టింది.

“ఇప్పుడు మీరేమన్నారు?” అన్నాను.

“నీళ్లియ్యమన్న మేడం. మేమందరం గిట్లనే మాట్లాడుకుంటం. సాంచెల చప్పుట్ల ఒర్రితె ఎవలకు ఇనవడ్తది? కార్ఖానల మొగోళ్లు గూడ గిట్లనే.”

నేను ఆ అమ్మాయి వెనక్కి వెళ్లి పేరు పెట్టి పిలిచాను. కదల్లేదు. గట్టిగా పిలిచాను. కదల్లేదు. గొంతుతో పని లేని ఇంట్లో పిల్లకు చెవులు సరిగా పనిచేయవని ఎవరికి తెలుస్తుంది? కరోనాకు ముందు టీచర్ల పెదాలు చూసి చదువుకుంది, క్లాసులో మంచి పిల్ల అనిపించుకుంది. మాస్కులు వచ్చాయి, మొద్దు అయిపోయింది. నేనేమో జవాబివ్వడం కూడా మానేశాను. దారంతా నన్ను నేను తిట్టుకుంటూ నడిచాను.

సూరత్‌లో చీరలు పెట్టే పల్చటి ప్లాస్టిక్ కవర్లకు కొదవా? ఒక కవరు కత్తిరించి మాస్కు మధ్యలో కుట్టాను. ఊపిరికి ఆవిరి పట్టేది, లోపల కాస్త సబ్బు రాస్తే సరిపోయింది. పిల్లను ముందు బెంచీకి మార్చి, ఆమె వైపు తిరిగే పాఠం చెప్పాను. మూడో రోజుకు అరుపులు ఆగిపోయాయి.

హెడ్మాస్టరు గారు మాత్రం ఆగలేదు. “ఇది బడా మేడమ్, సర్కస్సా? రేపు తనిఖీకి ఎవరైనా వస్తే నేనేం చెప్పాలి?”

“పిల్లకు పాఠం అర్థమవుతోందని చెప్పండి,” అన్నాను. తీయమన్నారు, తీయలేదు. ముక్కూ నోరూ మూసే ఉన్నాయి, పెదాలు కనబడితే ఏ నియమం చచ్చిపోతుంది?

గడువు అయిన రోజు తల్లిని పిలిపించారు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది, పక్కనే పిల్ల. “బడి వద్దంటే ఇంట్లనే చీరలకు రాళ్లు అంటిస్తది సారు,” అంది, అదంతా ముందే తేలిపోయినట్టు. చెవుల సంగతి నేను చెప్పిన తర్వాత కూడా ఆయన కాగితం నా ముందుకు జరిపారు.

“చెవుడుంటే అసలు ఇక్కడ ఎందుకు? సంతకం పెట్టండి.”

పెట్టాను. కాకపోతే ఆయన రాయించిన మూడు లైన్లూ కొట్టేసి, కింద నా చేతిరాతతో రాశాను: ఈ పిల్లకు వినబడదు, చదువు వస్తుంది. రెండు వారాలు ఆమెకు జవాబివ్వకుండా కూర్చున్న తప్పు నాది. ఆమె నా క్లాసులోనే ఉంటుంది.

“ఇది మీ ఫైల్లోకి వెళ్తుంది,” అన్నారాయన.

“వెళ్లనివ్వండి.”

తల్లికి చదువు రాదు. నేను రాసింది గట్టిగా చదివి వినిపించాను. ఆమెకు నా మీద నమ్మకం కుదరలేదేమో, మాస్కు గడ్డం కిందికి లాగి ఆయననే అడిగింది. “అంటే మా పిల్ల మొద్దు కాదా సారు?”

ఆయన కాగితాన్ని ఫైల్లో పెట్టడం మొదలుపెట్టారు. తల్లి పెదాల మీద నుంచి చూపు తిప్పని ఆ పిల్లే చెప్పింది.

“కాదమ్మా.”