తడి ఆరేవరకు

ఆళ్లగడ్డలో మా బావగారు, మా అక్కయ్య భర్త, ఇటీవల స్వర్గస్థులయ్యారు. నేడు ఆయన పెద్దకర్మ. పోయినవారిని తృప్తితో సాగనంపడం, ఉన్నవారు మళ్లీ తమ పనులలోకి మరలడం ఈ దినానికి పెద్దలు ఉద్దేశించిన అర్థం. మొదటిది శాస్త్రోక్తంగా జరిగింది. రెండవది నాకింకా సాధ్యపడక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఆయన శిల్పి. నేను నంద్యాలలో తెలుగు పండితునిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. బస్సు దిగి ఆయన కొట్టంలో అడుగుపెడితే చాలు, రాతిపొడి నిండిన కనుబొమలెగరేసి, “ఏమప్పా బావమర్దీ, వచ్చి ఇంతసేపాయె, ఒక్క పద్యమన్నా చదవకపోతివి. ఒంట్లో బాగలేదా ఏందీ?” అనేవారు. చదివితే కన్నులు మూసుకుని వినేవారు. దీర్ఘసమాసం వస్తే మాత్రం, “యాడన్నా ఊపిరి తీసుకోప్పా, మా చెల్లెలికి నేనేం చెప్పుకోవాల?” అని మా ఇల్లాలిని తలచి నవ్వేవారు.

ఆ కొట్టంలో తరతరాల నియమమొకటి ఉండేది. మనసు చెదిరినవారు ఉలి పట్టరాదు. చెక్కుతున్న రాతిపై నీళ్లు పోసి, తడి ఆరేవరకు దాని ఎదుట కూర్చోవాలి.

ఒక వేసవిలో కోయిలకుంట్ల దగ్గరి పల్లెకు అమ్మవారి విగ్రహం సిద్ధమవుతోంది. నెలల శ్రమ. ఆయన కొడుకు, నా మేనల్లుడు, ఎవరితోనో ఫోనులో కలహించి ఆ వేడిలోనే ఉలి పట్టాడు. అభయహస్తపు వేలు విరిగిపడింది. భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదు. వాడు లోపలికి వెళ్లి గుడ్డల సంచితో వచ్చాడు.

“నాకీ పని వద్దు నాయనా. నంద్యాలలో ఏదన్నా అంగట్లో కూచుంటా.”

బావగారి ముఖం ఎర్రబడింది. కొడతారనే భయపడ్డాను. ఆయన బకెట్టెత్తి విరిగిన చేతిపై నీళ్లు పోసి కూర్చున్నారు. ఎండకు తడి ఇట్టే ఆరింది. లేచి మళ్లీ పోశారు.

“ఆరింది కదా బావా,” అన్నాను.

“రాయి ఆరిందప్పా. నేను ఆరల్యా.”

ఆ రెండవ తడీ ఆరాక కొడుకువైపు తిరిగారు. “యాడికి పోతాండావ్‌రా? ఇరిగింది రాతి చెయ్యి. నీ చెయ్యి బాగనే ఉంది కదా. ఇంగో రాయి చూద్దాం పా.”

వాడు సంచి జారవిడిచి బావురుమన్నాడు. “ఏడ్చు. అదీ పోనీ,” అంటూ ఆయన పక్కకు జరిగి చోటిచ్చారు.

ఆయనకు కోపమే రాదని ఊరనుకునేది. వచ్చేది, దానికి దారి విడిచేవారు. శమదమాలను తరగతులలో ఎన్నోమార్లు వివరించినవాణ్ణి, వాటిని కన్నులారా చూసింది ఆ కొట్టంలోనే.

నేడు కర్మ ముగిశాక మేనల్లుడు, తండ్రి వదిలిపోయిన విగ్రహం ముందు నిలబడ్డాడు. దానికి చివరగా కన్నులు మాత్రం చెక్కి తెరవవలసి ఉంది. దాన్ని చేయించుకుంటున్న పల్లె పెద్ద మెల్లగా అడిగాడు: “నీతో అయితాదా నాయనా? ఇంగొకరికి ఇయ్యమంటావా?”

“నేనే చేస్తానన్నా. ఈ పొద్దు మాత్రం కాదు.”

అని అక్కడే చతికిలబడి ఏడ్చాడు. మా అక్కయ్య వాణ్ణి ఊరుకోమనలేదు, పక్కన కూర్చుంది.

ఆ యింటి బిడ్డలకు దుఃఖం వచ్చినంత తేలికగా వెళ్లిపోవుగాక. వారి చేతులు చల్లగా ఉండుగాక. వారు తెరిచే ప్రతి కన్ను లోకాన్ని శాంతంగా చూచుగాక. నేను బయలుదేరేసరికి తల్లీకొడుకుల ఎదుట, ఇంకా చూపు రాని ఆ రాతిముఖంపై సాయంకాలపు వెలుగు పడుతోంది.