బావతో తొక్కించిన నిమ్మకాయలు

నేను చదువుకున్నవాణ్ణి. బెల్లంపల్లి సర్కారు బడిలో పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక్కణ్ణుంచి ఆఖరు దాకా దాని ఆనవాళ్లు మీకెక్కడా కనపడవు. నాలుగే నాలుగు నిమ్మకాయలతో ఒక కొత్త కారును, ఒక ప్రహరీ గోడను, ఒక పెద్దమనిషి పరువును నేనెలా నాశనం చేశానో చెబుతాను. ఇందులో గోడ తప్పేమీ లేదు.

నాలుగేళ్ల కిందట కారు కొన్నాను. క్లచ్ లేని ఆటోమేటిక్ కారు. షోరూం వాళ్లే తెచ్చి మా క్వార్టర్ ముందు నిలబెట్టి, తాళాలు నా చేతిలో పెట్టి వెళ్లారు. బీమా కూడా ఆషామాషీది కాదు, బంపర్ టు బంపర్. "గీత పడ్డా కంపెనీయే చూసుకుంటది సార్" అని షోరూం అమ్మాయి అన్న మాట ఎంత నచ్చిందంటే, చూపించిన చోటల్లా సంతకం పెట్టాను గానీ లోపల ఏం రాసుందో చూడలేదు. ప్రశ్న మొత్తం చదివాకే జవాబు రాయమని పిల్లలకు మాత్రం రోజూ చెబుతాను.

ఆదివారం బండి పూజ పెట్టుకున్నాం. లక్సెట్టిపేట నుంచి మా అక్క సుగుణ, బావ లచ్చన్న వచ్చారు. బావ దుబాయ్‌లో పదకొండేళ్లు డ్రైవరుగా పనిచేసి, అప్పటికి నెల ముందే ఇక పోనని తిరిగొచ్చాడు. ఆయన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లే లేరు, అటు వాళ్ల ఊళ్లోనూ ఇటు మా వాడలోనూ అందరికీ దుబాయ్ డ్రైవరే. ఆ పేరు మీదే మా అక్క పదకొండేళ్లు ఒంటరిగా సంసారం ఈదుకుంటూ కూడా నలుగురిలో తలెత్తుకుని తిరిగింది. దంపతులిద్దరికీ ఉన్న పరువంతా ఆ ఒక్క పేరే. దాన్ని నేను రెండు రోజుల్లో ఊడబెరికాను.

పసుపు, కుంకుమ, కొబ్బరికాయ అన్నీ అయ్యాయి. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. ఇక బండి ఒక్క అడుగు కదిలి వాటిని తొక్కాలి. వాడంతా నా వైపు చూసింది. సరిగ్గా అప్పుడే నాకు మర్యాద గుర్తొచ్చింది.

"ఇంటల్లుడు ఉండంగ నేనెట్ల తొక్కిస్త? నువ్వు కూసో బావా" అన్నాను.

"వద్దు బామ్మర్దీ. బండి నీది, నువ్వే తొక్కియ్యి."

"దుబాయ్ల నడిపిన చెయ్యి నీది."

"నాకు జర నడుము పట్టింది."

"ఒక్క అడుగే గద. దానికి నడుముతోని పనేంది?"

బొగ్గుబాయిలో చేసి రిటైరైన మా బాపు కూడా అందుకున్నాడు. "కూసో అల్లుడా. నీ చేతి మీద మొదలైతె మంచిగుంటది. రమేశ్‌గాడు రేపటి సంది నడుపుకుంటడు తియ్యి."

బావ అక్క వైపు చూశాడు. అక్క కొత్త గొలుసు సర్దుకుంటూ నవ్వింది. నేను తాళాలు ఆయన చేతిలో పెట్టి వేళ్లు కూడా మూశాను. ఆయన వెళ్లి ఎడమ వైపు తలుపు తీశాడు. దుబాయ్‌లో స్టీరింగ్ అటే ఉంటుందని మా బాపు వాడందరికీ వివరించేలోగా బావ ఇటు తిరిగొచ్చి కూర్చున్నాడు.

కారు నిమ్మకాయలను చక్కగా తొక్కింది. శాస్త్రం అంతవరకే. ఆ సంగతి కారుకు తెలియదు. మా వీధి కాస్త పల్లం. ముగ్గు మీంచి, చెప్పుల మీంచి, నెమ్మదిగా, ఆ తర్వాత అంత నెమ్మదిగా కాకుండా పోయి, మలుపులో ఉన్న పోశవ్వ ఇంటి గోడను గుద్దుకుని ఆగింది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. సగం గోడ పడిపోయింది. ఇంకా కుంకుమ బొట్టు ఆరని కారు ముఖం మాత్రం మా వాళ్లెవరూ గుర్తుపట్టేలా లేదు.

"ఏమైంది బావా?"

"ఆగలే బామ్మర్దీ. కాలు తీసిన. అయినా ఆగలే."

ఆ మాట నేను అక్కడే పట్టుకోవలసింది. కారు ఆగాలంటే కాలు తీసి కూర్చునే డ్రైవరు ఎక్కడైనా ఉంటాడా? నేను మాత్రం ఆయన భుజం తట్టి, "ఫికర్ చెయ్యకు, బంపర్ టు బంపర్ ఉన్నది" అన్నాను.

అక్కా బావా ఆ సాయంత్రమే వెళ్తామన్నారు. బీమా కంపెనీ సర్వేయర్ వస్తాడు, నడిపిన మనిషి ఉండాలని నేనే ఆపాను. రెండో రోజు సర్వేయర్ వచ్చి, గోడను, కారును ఫొటోలు తీసుకుని, మా వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చుట్టూ వాడ చేరింది.

"ఎవరు నడిపిన్రు సార్?"

"మా బావ. దుబాయ్ల పదకొండేండ్లు డ్రైవర్" అన్నాను, అందరికీ వినపడేలా.

"లైసెన్స్ ఇయ్యుండ్రి."

"ఇక్కడిది లేదు" అన్నాడు బావ మెల్లగా.

"లైసెన్స్ లేని మనిషికి బండి ఇస్తే కారు నష్టం కంపెనీ ఇయ్యదు సార్. మీరు సంతకం పెట్టిన కాగితంలనే రాసున్నది."

"అయితె దుబాయ్‌ది చూపియ్యి బావా. మనదానికన్న గట్టిదాయె."

"అది ఇంటికాడ ఉన్నది."

"ఫోన్ల ఫొటో అన్న ఉంటది గద?"

"ఇడిసిపెట్టు బామ్మర్దీ."

"ఎట్ల ఇడిసిపెడత? పదకొండేండ్లు నడిపినోనికి ఒక్క కార్డు లేదా?" హోంవర్క్ తేని పిల్లాణ్ణి నిలదీసే గొంతుతో, నలుగురిలో, నాకంటే పదేళ్లు పెద్దవాణ్ణి అడిగాను. ఇప్పటికీ ఆ గొంతు గుర్తొస్తే అన్నం సయించదు.

బావ నేల వైపు చూస్తూ చెప్పాడు. "నేను నడిపింది కారు గాదు. పెద్ద మాల్ల నేల కడిగే మిషిను. మీద కూసోని నడుపుతరు. కాలు తీస్తె అదే ఆగుతది."

అక్క గొలుసు కొంగులో దాచుకుని లోపలికి వెళ్లిపోయింది. నాకు ఆ గోడ చాటున దాక్కోవాలనిపించింది గానీ, అది మోకాలెత్తే మిగిలింది.

బుద్ధున్నవాడు ఇక్కడితో ఆగుతాడు. నేను ఆగలేదు. "సార్, నేనే నడిపినట్టు రాసుకోండ్రి" అన్నాను.

"మీ లైసెన్స్ ఇయ్యుండ్రి మరి."

ఇంతదాకా ఓపిగ్గా విన్నారు కాబట్టి మీకొక మాట చెప్పాలి. నాకూ లైసెన్స్ లేదు. నాకు అసలు కారు నడపడమే రాదు. ఆ రోజు వాడంతా నా వైపు చూసినప్పుడు తప్పించుకోడానికి గుర్తొచ్చిందే ఆ అల్లుడి మర్యాద. మా ఇంటికి ఫ్రిజ్ వచ్చినప్పుడు ఏ అల్లుణ్ణీ పిలవలేదు.

జేబులోంచి తీసిచ్చిన కాగితాన్ని సర్వేయర్ అటూ ఇటూ తిప్పాడు. "ఇది లర్నింగ్ సార్. పక్కన లైసెన్స్ ఉన్నోళ్లు కూసోవాలె. ఎవరు కూసున్నరు?"

"మా బావ" అన్నాను.

సర్వేయర్ పెన్నుకు మూత పెట్టి, చాయ్ తాగేసి లేచాడు.

అప్పుడు బావ మొదటిసారి తలెత్తి నన్ను చూశాడు. కోప్పడతాడనుకున్నాను, ఆయన కోప్పడలేదు. "నీకు గూడ రాదని నా చెవుల ఒక్క మాట చెప్పకపోతివి బామ్మర్దీ" అన్నాడు. "ఇద్దరం ఎన్కనుంచి నెట్టి తొక్కిస్తుంటిమి గద."

లోపల్నుంచి అక్క నవ్వు వినపడింది. నవ్వో ఏడుపో ఇప్పటికీ అడగలేదు.

కంపెనీ నుంచి కుదరదని ఉత్తరం వచ్చింది. పోశవ్వ గోడ బావ కట్టాడు, నేను ఇటుకలు అందించాను. తర్వాత ఇద్దరం కలిసి నేర్చుకుని మంచిర్యాలలో పరీక్షకు వెళ్లాం. బావ మొదటిసారే పాసయ్యాడు, నేను మూడోసారికి. ఇప్పుడు మా వాడలో ఆయన్ను ఉత్త డ్రైవరు అంటారు. నన్ను నిమ్మకాయల సారు అంటారు.

కాబట్టి పోశవ్వ కొత్త గోడ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా తాళాలు అడిగినవాడు అల్లుడైనా, మంత్రైనా, ముందు లైసెన్స్ అడుగుతాను. నలుగురిలో కాదు, పక్కకు పిలిచి చెవిలో అడుగుతాను. అంతకన్నా ముందు నా జేబు ఒకసారి తడుముకుంటాను.