సగం దారిలో విమానం

ఉత్తరధ్రువపు మంచుసీమలో రెజల్యూట్ నుంచి గ్రీస్ ఫియర్డ్ ఊరు ఎంత దూరమని ముసలివాళ్ళనడిగితే నిద్రల లెక్కన చెబుతారు: కుక్కబండి మీద ఇన్ని నిద్రలు, మంచు గట్టిగా ఉంటే ఒకటి తక్కువ. పైలట్లు గంటన్నర అంటారు. గ్రీస్ ఫియర్డ్ ఎయిర్‌పోర్టు గదిలో కూర్చునే సియాసీ మాత్రం, ఎవరడిగినా, "గాలినడుగు" అంటుంది. కొండకీ గడ్డకట్టిన సముద్రానికీ మధ్య ఇరుక్కున్న కంకర రన్‌వే అక్కడిది. కొండ మీంచి గాలి దిగిన రోజున ఏ విమానానికీ ఆ ఊరు లేనట్టే. గాలి సంగతి రేడియోలో చెప్పడమే చాలా ఏళ్ళుగా సియాసీ ఉద్యోగం.

ఆ ఏప్రిల్ పొద్దున రెజల్యూట్ నుంచి వచ్చే విమానంలో ఆమె కూతురు లీటియా ఉంది. కాన్పుకని దక్షిణాన పెద్దాసుపత్రికి వెళ్ళి, పసిపిల్లతో తిరిగి వస్తోంది. పిల్లకి కిందటేడు పోయిన సియాసీ తల్లి పేరే పెట్టారు, కౌనాక్ అని. అక్కడ పేరుతోపాటు పోయిన మనిషీ తిరిగి వస్తుంది కనక సియాసీకి ఆ పసిగుడ్డు మనవరాలు కాదు, అమ్మ.

"మీ అమ్మ వస్తోంది. ఇంక నా పని అయిపోయినట్టే," అన్నాడు భర్త అకీషూ, టీ ఊదుకుంటూ. "పోయే ముందురోజు కూడా నన్ను సోమరిపోతంది."

"అన్నదాన్లో తప్పేముంది?"

"ఈసారి పళ్ళు లేవులే, తిట్టలేదు."

"అప్పుడూ లేవు. తిట్టలేదూ?"

బయలుదేరే ముందు పైలట్ మార్టిన్ అడిగితే గాలి లేదని చెప్పింది. నిజంగానే లేదు. విమానం సగం దారిలో ఉండగా కొండ అంచున మంచుపొడి సన్నగా లేచింది, ఎవరో తెల్ల జుట్టు విదిలించినట్టు. రన్‌వే పక్కన గాలి దిక్కు చూపే గుడ్డసంచి ఉలిక్కిపడి అడ్డం తిరిగింది.

"సియాసీ, ఇంకాస్త ముందుకొస్తే వెనక్కెళ్ళడానికి ఇంధనం చాలదు," రేడియోలో మార్టిన్ గొంతు. "గాలేమన్నా మారిందా?"

సియాసీ కనుబొమలు పైకెత్తింది. ఆ ఊళ్ళో అవుననడానికి అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

రేడియో గరగరలాడింది. "సియాసీ, వినబడుతోందా?"

మళ్ళీ కనుబొమలెత్తింది.

అకీషూ కప్పు కింద పెట్టాడు. "అతనికి నీ మొహం కనబడదే."

"తెలుసు."

"మరి నోటితో చెప్పు."

"చెబితే అమ్మ వెళ్ళిపోతుంది."

ఆమె కిటికీలోంచి ఒక్కసారి చూసింది. కొండ సగం కనబడటం మానేసింది. మీట నొక్కింది.

"మారింది. కొండ మీంచి దిగుతోంది. వెనక్కెళ్ళిపో."

"సరే. తిప్పుతున్నా."

సాయంత్రం రెజల్యూట్ నుంచి లీటియా ఫోన్ చేసింది.

"నువ్వే తిప్పించావటగా అమ్మా."

"అవును. పాలు తాగిందా?"

"ఇప్పుడే. మీ అమ్మకి దారంతా నిద్రే. వెళ్ళిందీ తెలీదు, తిరిగొచ్చిందీ తెలీదు. ఉండు, చెవి దగ్గర పెడతా."

అవతల చిన్న ఊపిరి, తడితడిగా. సియాసీ చాలాసేపు దాన్నే వింది.

"అమ్మా," అంది చివరికి, "రేపు రమ్మనలేను. గాలి తగ్గాక నేనే పిలుస్తా."

పిల్ల తుమ్మింది. లీటియా ఫోన్ తీసుకుంది.