మగ్గానికి కట్టిన మౌస్

ఆ రోజుల్లో అంటే తాతల కాలం అనుకునేరు, ఐదారేళ్ల కిందటి మాటే. అప్పట్లో నేను పులికీ దెయ్యానికీ భయపడేదాన్ని కాదు. నా భయమంతా కంప్యూటర్ తెర మూలనుండే ఆవగింజంత ఆకుపచ్చ చుక్కకే. ఆఫీసు గవర్నర్‌పేటలో, నేను మంగళగిరిలో మా బాబాయి ఇంట్లో ఉండి అక్కణ్నుంచే పని. మౌస్ మూడు నిమిషాలు కదలకపోతే చుక్క ఎర్రబడేది. ఎవరికెన్ని ఎరుపులో మా పైఅధికారి (మేం పెట్టుకున్న పేరు చుక్కల సారు) ప్రతి శనివారం అందరి ముందూ చదివేవారు. ఆరు నెలలయ్యాక ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ ఎరుపులే తేలుస్తాయన్నారు. నాకప్పుడు ఐదో నెల. ఎర్రబడుతుందని లేవడం మానేశాను, లేవాల్సొస్తుందని నీళ్లు తాగడం మానేశాను (మే నెలలో, మంగళగిరి ఎండలో!). చివరికి మూత్రంలో మంట, చలిజ్వరం. "గంటకోసారి నీళ్లు తాగు, గంటకోసారి లెయ్యి. అదేం ఉద్యోగమమ్మా?" అని డాక్టరమ్మ కసిరింది. జ్వరం కన్నా ఆ 'గంటకోసారి'కే నేను ఎక్కువ వణికాను.

అప్పుడు తట్టింది నా దిక్కుమాలిన ఉపాయం. బాబాయి చీరలు నేస్తాడు. వరండాలో మగ్గం, పోగుల్ని దగ్గరికి కొట్టే దాని చట్రం పొద్దస్తమానం ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంటుంది. నా బల్ల దాని పక్కకి జరిపి, మౌస్‌కి దారం కట్టి ఆ చట్రానికి ముడేశాను.

"ఇదేం చోద్యమే?" అన్నాడు బాబాయి.

"ఇది ఆగితే నా ఉద్యోగం ఊడుద్ది బాబాయ్. నేనొచ్చేదాకా ఆపమాకు."

నాలుగు రోజులు దర్జాగా లేచి తిరిగాను. చుక్కల సారు మెచ్చుకున్నారు కూడా (ఆ ఉద్యోగంలో నాకు దక్కిన ఒకే ఒక్క మెప్పు, అదీ బాబాయి కష్టానిది). ఐదో రోజు తలంటుకుని తీరిగ్గా వచ్చేసరికి బాబాయి చెమటలు కక్కుతూ చట్రం కొడుతూనే ఉన్నాడు. పిన్ని ఇచ్చిన కాఫీ పక్కనే చల్లారిపోయింది. పోగులు తెగి వేలాడుతున్నాయి, జానెడు మేర చారలు పడి చీర పాడైంది. ఒక్క పోగు తెగినా మగ్గం ఆపి ముడేసుకుంటే గానీ ముందుకు కదలని మనిషి!

"ఆపలేదేంటి బాబాయ్?"

"నీ చుక్క ఎర్రబడుద్దేమోనని భయమేసిందే అమ్మాయ్."

ముప్పై ఏళ్లుగా ఎవరికీ జడవకుండా నేసిన మనిషికి నేను నాలుగు రోజుల్లో భయం నేర్పాను. ఏడుపు ఆగలేదు. దారం తెంపేసి, ఆ ఊపులోనే సారుకి ఫోన్ చేశాను.

"సార్, నేను నీళ్లు తాగుతానండీ. తాగితే లేవాలండీ. తీసేస్తే తీసెయ్యండి."

అటునుంచి ఆయన గుసగుసగా, "మెల్లగా మాట్లాడమ్మా. నాక్కూడా ఓ చుక్కుంది. పొద్దుట్నుంచీ నేనూ లేవలేదు" అన్నారు.

ఆ శనివారం ఆయన ఎరుపులు చదవలేదు. నెల తిరక్కుండానే ఇద్దరం ఆ ఆఫీసులో లేం.

ఇప్పుడు పటమటలో నాదే చిన్న ఆఫీసు. నలుగురు అమ్మాయిలు పని చేస్తారు, ఎవరు ఎన్నిసార్లు లేచినా నేను తలెత్తి చూడను. కానీ ఆదివారం మధ్యాహ్నం ఊరికే కూర్చుని కబుర్లాడుతుంటే, నా కుడిచెయ్యి బల్లమీద దానంతటదే అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది. మా ఆయన దానిమీద తన చెయ్యి వేసి, "ఎవరూ చూట్టంలేదులే" అంటారు. నాకు నవ్వొస్తుంది. చెయ్యి మాత్రం ఇంకాసేపటికి గానీ ఆగదు.