తీగకు గుచ్చిన టోకెన్

ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఢిల్లీలో ఆ సాయంత్రం తాత టోకెన్‌ను తీగకు గుచ్చింది నేనే.

తాత కేజీఎఫ్‌లో ఛాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో రాయి పేల్చే పని చేశాడు. మన దేశం అణుబాంబు పరీక్ష చేసిన ఏడాది ఒకసారి, ఇరాక్ మీద యుద్ధం మొదలైన ఏడాది ఇంకోసారి, గని స్నేహితులతో ఢిల్లీ వెళ్ళి యుద్ధం వద్దని జంతర్ మంతర్ దగ్గర కూర్చుని వచ్చాడు. "రాతికి పెట్టే మందు మనిషికి పెడితే ఏమైతాదో మాకన్నా ఎవురికి తెలుసు?" అనేవాడు. గాజా మీద బాంబులు పడుతున్నప్పుడు మళ్ళీ బయలుదేరాడు. అప్పటికే ఊపిరితిత్తుల నిండా గని దుమ్ము. తోడుగా నన్ను పంపారు. అట్టల మీద నినాదాలు రాసిపెట్టేది ఎలాగూ నేనే.

గుంపుకు పెద్ద, తాతతో ఒకే షాఫ్టులో గని అడుగుకు దిగిన స్నేహితుడు. మేం మేస్త్రీ తాత అంటాం. ఆయనది ఇక్కడా గని పద్ధతే. పొద్దున మనిషికొక నంబరు టోకెన్ ఇస్తాడు. తిరిగి వచ్చాక దాన్ని ఆయన తీగకు గుచ్చాలి. గనిలో టోకెన్ రాలేదంటే మనిషి కిందే ఉన్నాడని అర్థం, వెతకడానికి దిగుతారు. అందుకని ఆయనకు తలలు లెక్కపెట్టే అలవాటే లేదు.

"ఏమిరా, ఈ తూరన్నా యుద్ధం నిలుస్తాదా?" అని తాత రైల్లో మేస్త్రీ తాతను అడిగాడు.

"ముందు నీ దగ్గు నిలపప్పా. పక్క పెట్టెలో వాళ్ళు కూడా లేసి కూర్చున్నారు."

జంతర్ మంతర్ దగ్గర కూర్చున్న రోజు తాత జేబులోంచి టోకెన్ జారి పడితే తీసి నా సంచిలో వేసుకున్నాను. ఆయనకు చెప్పలేదు. సాయంత్రం పోలీసులు బారికేడ్లు జరిపి జనాన్ని పంపించేస్తున్న తోపులాటలో ఆయన కనిపించకుండా పోయాడు. కొందరు ముందు ఆటోలో స్టేషన్‌కు వెళ్ళిపోయారు, తాత కూడా వాళ్ళతోనే వెళ్ళి ఉంటాడనుకున్నాను. ఇంతలో తీగ చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చింది. రైలుకు టైమైపోతోందని అందరూ తొందరపడుతున్నారు. అంతమందిలో తాత లేడని గట్టిగా అనడానికి జంకాను. నాదీ తాతదీ రెండు టోకెన్లూ గుచ్చాను.

"అందరూ పైకొచ్చేసినారు, పదండప్పా" అన్నాడు మేస్త్రీ తాత.

స్టేషన్‌లో తాత లేడు. మిగతావాళ్ళను రైలెక్కించి నేనూ మేస్త్రీ తాతా వెనక్కి పరుగెత్తాం. తెల్లారాక, జంతర్ మంతర్ పక్క సందులో మూసిన కొట్టు మెట్ల మీద దొరికాడు. జనవరి చలికి పెదవులు నల్లబడ్డాయి. దారి తప్పినవాడు కదలకూడదని గనిలో నేర్పారు. టోకెన్ తక్కువైతే వెతుక్కుంటూ వస్తారని అక్కడే కూర్చున్నాడు.

"తీగ మీద నీ నంబరు ఉండాది రా. ఎవురు గుచ్చినారో నేను చూసుకోలేదు" అని మేస్త్రీ తాత ఏడ్చాడు.

"మొగం చూడకుండా టోకెన్ తీసుకుంటావా?" అన్నాడు తాత. మళ్ళీ ఆయనతో మాట్లాడలేదు.

కేజీఎఫ్ వచ్చాక తాత మంచం దిగలేదు. పక్కన ఆక్సిజన్ సిలిండర్. మేస్త్రీ తాత రోజూ వచ్చి వాకిట్లో నిలబడి వెళ్ళేవాడు. చెప్పాల్సిన ఒక్క మాటను డైరీలో ఎన్నిసార్లో రాశాను. చివరికి ఒక మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని, "తాతా, ఆ టోకెన్..." అన్నాను. వాకిట్లో చెప్పుల చప్పుడైంది. తాత నా మణికట్టు పట్టుకున్నాడు.

"వాడే. నేను నిద్రపోతా ఉండానని చెప్పు పాపా."